పాముకాటు

చేతులు తడి చేసుకుని గంగక్క జొన్నపిండి ముద్దను బండ మీద తట్టసాగింది. ఆదోని మిల్లులకు పోయే కూలీలు వచ్చేలోగా బుట్ట నిండాలి. అరచేతుల్లో చర్మం ఏనాడో మొద్దుబారిపోయింది. పెనం మీది రొట్టెను ఉత్త చేత్తోనే తిప్పుతుంది. ఎడమ భుజం మాత్రం పైకి లేవదు. మొగుడు దేవేంద్రప్ప తోసేస్తే గడప మీద పడినప్పటి నొప్పి అది.

పెండ్లయినప్పటినుంచీ పల్లెత్తు మాట అనని మనిషి, యాభై దాటగానే మారిపోయాడు. గంగక్క తల్లి శవం దగ్గర నవ్వాడు. మిల్లులో మేస్త్రీ మొహాన ఉమ్మాడు. పక్కింటి పెండ్లిలో ఎవరి విస్తట్లోదో లాక్కుని తిన్నాడు. కొవ్వెక్కిందనుకుంది గంగక్క. తిట్టింది, ఒకసారి చీపురు కూడా తిరగేసింది. అతని అక్క రామేశ్వరమ్మ వీధిలో అందరూ వింటుండగా, "నీ నోటికే మా తమ్ముడు ఇట్లయిపాయ" అంది. నిజమేనేమోనని గంగక్క చాలాకాలం నోరు కట్టేసుకుని బతికింది. ఇప్పుడతను మాటలు కూడా మరిచి మంచం పట్టాడు.

పోయిన నెల కర్నూలు ఆసుపత్రిలో డాక్టరమ్మ కూర్చోబెట్టి చెప్పింది. మెదడులో ఒక ప్రొటీను చెడిపోయి పేరుకుపోతోందట.

"ఇది వంశంలో రావచ్చు. ఒకరికి పిచ్చిలా బయటపడుతుంది, ఇంకొకరికి మతిమరుపులా. పేర్లు వేరైనా మూలం ఒకటే కావచ్చు. మీ ఇంట్లో ఇదివరకు ఎవరికైనా మతి చలించిందా?"

"మాయింట్లో అట్లాంటిది లేదు" అంది పక్కనే ఉన్న రామేశ్వరమ్మ. గంగక్కా తలూపింది. మామ పొలంలో పాము కరిచి పోయాడని పెండ్లిచూపులనాడే అత్త చెప్పింది మరి.

రొట్టెలు అయిపోయాక గంగక్క మొగుడికి గంజి తాపింది. రెండు గుక్కలు మింగి మిగతాది పెదవి పక్కనుంచి వదిలేశాడు. మూతి తుడిచి, గోడవైపు ఒత్తిగిల్లబెట్టి బయటికొచ్చేసరికి వాకిట్లో రామేశ్వరమ్మ నిలబడి ఉంది. తల కూడా దువ్వుకోలేదు.

"ఆ డాక్టరమ్మ ఎప్పుడు కూసుంటాదో సెప్పు గంగా. మా హనుమేషు గోడలతో మాట్లాడతాండాడు. అన్నంలో మందు కలిపినానని నా మీదికి వస్తాండాడు."

కన్నకొడుకు సంగతి వీధిలో ఎవరికీ వినబడకుండా గొంతు తగ్గించి చెప్పింది. గంగక్క చేతిలోని గిన్నె కింద పెట్టింది.

"మామ పాము కరిసే సచ్చిపాయనా, వదినా?"

రామేశ్వరమ్మ గడప మీద కూలబడింది.

"లేదు. గొలుసేసి కొట్టంలో పెట్టింటిమి. అట్లే పాయ. బయటికి తెలిస్తే మాకు పెండ్లిండ్లు అయితాయా?"

"ఇన్నేండ్లు నా నోరే కారణమంటివి గదా." గంగక్క గొంతు పైకి లేవలేదు. "నా బిడ్డ నాగలత ఇప్పుడు కడుపుతో ఉండాది. దానికి నేనేం సెప్పల్ల?"

గంగక్క లోపల మొగుడి మంచం వైపు చూసింది.

"ఆయప్పకు తెల్సునా?"

"తెలీకేం? నాయనకు అన్నం పెట్టొచ్చి కొట్టం తలుపు మూసేది వాడే."

గంగక్కకు ఏడుపు రాలేదు. పక్కన పడుకున్న మనిషి ఒక్క రాత్రయినా ఆ మాట అనలేదు. నాగలత పుట్టినప్పుడు అనలేదు. దానికి సంబంధం చూసేటప్పుడూ అనలేదు. జబ్బు నోరు మూయించింది ఈమధ్యే. అంతకుముందు మూసుకున్నది అతనే.

"సోమవారం పో. పొద్దున్నే కూసుంటాది" అంది చివరికి. "ఈసారన్నా ఆమెకు నిజం సెప్పు."

లేచి లోపలికి నడిచింది. జవాబు రాదని తెలిసినా అడగాలనే వెళ్లింది.

"ఏమప్పా, నాకెందుకు సెప్పకపోతివి?"

అతను గోడవైపే ఉన్నాడు. భుజం పట్టి తిప్పింది. తల పట్టు లేకుండా వాలింది. కళ్లు సగం తెరిచి ఉన్నాయి. ఊపిరి లేదు.

పొద్దు వాలకముందే మోసుకుపోయారు. తండ్రి కోసం వెక్కిపడుతున్న నాగలతను గంగక్క గోడకు ఆనించి కూర్చోబెట్టి, చీర కొంగుతో మొహం తుడిచింది.

"కార్యం కానీ పాపా. నీకొక మాట సెప్పల్ల. నేను దాయను."

పెరట్లో, దండెం మీద అతని లుంగీ ఒక్కటే మిగిలింది. వీధిలో విప్పేసుకోకుండా వెనకవైపు ముడి వేసేందుకు గంగక్క కుట్టిన నాడాలు రెండూ విడివిడిగా వేలాడుతున్నాయి.