సున్నం లెక్క

చెరువులో ట్రౌట్ చేపలన్నీ వెల్లకిలా తేలిన మర్నాడు ఊరి సభ కూడింది. చెరువు ఊరందరిదీ, దాని తూము తాళంచెవి మాత్రం ఏళ్ళ తరబడి సాటుర్నినో మెడలోనే ఉంది. చేపల్ని కన్నబిడ్డల్లా సాకిన మనిషి. ఇప్పుడు దొంగలా టోపీ చేత్తో పట్టుకుని అందరి మధ్యా నిలబడ్డాడు.

తప్పు ఎవరిదో అతని కూతురు జెనైదాకు తెలుసు. చదువు పూర్తయితే ఊరి చెరువుల బాధ్యత ఆమెకే ఇస్తామని సభ మాటిచ్చి ఉంది.

తొలి వానలకి పాత గని మట్టి కొట్టుకొచ్చి, చెరువులోకి పారే వాగు పుల్లబడింది. సాటుర్నినో తూము మూసేలోపే చెరువు పీహెచ్ అయిదుకి దిగిపోయింది. ఎంత సున్నం వెయ్యాలో లెక్క కట్టమని, వన్కాయో పట్నంలో కెమిస్ట్రీ చదువుతూ సెలవులకి వచ్చిన జెనైదాకే అప్పగించారు. పీహెచ్‌లో ఒక్క అంకె తేడా అంటే పదింతల తేడా అని ఆమెకు తెలుసు, జాగ్రత్తగానే వేసింది. మళ్ళీ వాన పడితే తట్టుకోవాలని ఏడు దగ్గర ఆగకుండా తొమ్మిదిదాకా పోయింది. అతిజాగ్రత్త కొంప ముంచడమంటే ఇదే. తూము మూసిన నీళ్ళలో చేపల రొచ్చు, దాని అమ్మోనియా పేరుకుని ఉన్నాయి. ఆ సంగతి ఆమె లెక్కలోకి రానేలేదు.

"నా చెయ్యి జారింది. అమ్మాయి చెప్పినదానికంటే ఒక బస్తా ఎక్కువ పోశాను," అన్నాడు సాటుర్నినో.

"చెరువుకి సున్నం వెయ్యమంటే గోడకి వేస్తున్నాననుకున్నావేంటయ్యా?" అంది జనంలోంచి బసీలియమ్మ. నవ్వినవాళ్ళు కొందరే.

జెనైదా లేచింది. "అబద్ధం! నాన్న నేను చెప్పినంతే పోశాడు. తప్పు నాది."

సభ పెద్ద ఎలియోదోరో ఒకప్పుడు బడిపంతులు. "నేనూ వేసి చూశానమ్మా. లెక్క సరిగ్గానే ఉంది."

"వేసిన లెక్క కాదు బాబాయ్, వెయ్యని లెక్క! అమ్మోనియా సంగతి నేను..."

"కూర్చో తల్లీ. తండ్రిని వెనకేసుకురావడం మంచి బుద్ధే. మరి ఊరి సున్నం కొట్లో నీ లెక్కకంటే బస్తా ఒకటి ఎక్కువ ఖాళీ అయిందే, దానికేమంటావు?"

జెనైదా తండ్రి వంక చూసింది. ఆయన తన బూట్ల వంక చూసుకుంటున్నాడు. వాటి కుట్లలో సున్నం, సున్నం మీద తమ బంగాళదుంప చేని ఎర్రమన్ను. ఆ బస్తా ఎక్కడ పోసొచ్చాడో అప్పుడర్థమైంది. అబద్ధానికి సాక్ష్యం కూడా ఆయనే పుట్టించుకున్నాడు. జెనైదా కూలబడి ఏడ్చింది. ఎంత మంచి పిల్లో అనుకున్నారు జనం.

సాటుర్నినో ఇక చెరువు గట్టు తొక్కకూడదని తీర్మానించారు. చదువు పూర్తయ్యేదాకా ఆగకుండా తాళంచెవి తీసి జెనైదా మెడలో వేశారు. దాని తాడు ఇంకా ఆయన ఒంటి వేడి మీదే ఉంది.

ఇంటికొచ్చాక గడపలో కూర్చుని సాటుర్నినో అలసట తీర్చే కోకా ఆకు బుగ్గన పెట్టుకున్నాడు.

"ఎందుకు చచ్చాయో చెప్పమ్మా. వాళ్ళకి అక్కర్లేదు, నాకు కావాలి."

"ఆకుతో పాటు బూడిద ఉండ ఎందుకు కొరుకుతావు నాన్నా?"

"అది లేకపోతే ఆకు పట్టదు కదే. ఉత్త గడ్డి."

"సున్నమూ అదే చేసింది. నీళ్ళలో విషం ముందునుంచీ ఉంది, పుల్లదనానికి ఉత్త గడ్డిలా పడుంది. నేను దాన్ని పట్టేలా చేశాను."

చిన్నప్పట్నుంచీ ఆకు నములుతున్న మనిషికి ఇంకో మాట అక్కర్లేకపోయింది. ఆకుని రెండో బుగ్గకి తోసి అడిగాడు.

"అయితే సున్నం వెయ్యకుండా వాటి మానాన వాటిని వదిలేసుంటే?"

అబద్ధం చెప్పొచ్చు. ఆయన ఊరంతటికీ చెప్పాడు కదా. కానీ చేపల విషయంలో ఆయనకి అబద్ధం చెప్పడానికి ఆమెకు నోరు రాలేదు.

"చాలావరకు బతికేవి నాన్నా."

ఆయన తల ఊపాడు. కొరకబోతున్న బూడిద ఉండని జేబులో వేసుకుని ఉత్త ఆకే నమిలాడు.

"పొద్దున్నే తూము తియ్యమ్మా, నీళ్ళు మారాలి," అన్నాడు. "నేను రాకూడదు కదా."