గ్యాస్ లేని తొమ్మిది రోజులు

సిలిండర్ మీటరు ముల్లు అడుగుకు అంటుకుపోయి ఉంది. మీటరమ్మ దాన్ని వేలితో రెండుసార్లు కొట్టి చూసింది. చుక్క గ్యాస్ లేదు. పళ్లు బిగించి పాత సిలిండర్ని గోడవారకు దొర్లించి, కొత్తది తెచ్చి బిగించింది. యంత్రం నుంచి వచ్చే సన్నగొట్టం చివర నీళ్లసీసాలో ఒక్కో బుడగా లేవడం మొదలైంది.

అణుకేంద్రం పనివాళ్ల చేతులకీ బట్టలకీ అంటిన అణుధూళిని, రేడియేషన్ చిమ్మే దుమ్మును, పసిగట్టే యంత్రం అది. లోపలి గాలంతా పోయి గ్యాస్ నిండితేగాని దానికి ప్రాణం రాదు. ఇరవై ఆరేళ్లుగా ఆ ప్రాణం పోసేది ఆమే. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు. తల్లి మంచాన పడ్డ ఏడే ఆమె పెళ్లి మాట పక్కకు పోయింది; మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ తల్లి మొన్న పోయినప్పుడు పెట్టిన తొమ్మిది రోజులే ఆమె తీసుకున్న పెద్ద సెలవు; ఇవాళే తిరిగొచ్చింది.

గాలి పోయేలోగా రిజిస్టరు తెరిచింది. తొమ్మిది రోజులూ సున్నాలే. మనిషి లేని గదిలో కూడా సహజ రేడియేషన్‌కి నిమిషానికి నాలుగైదు చూపించే యంత్రం సున్నా చూపిందంటే చచ్చి ఉందని అర్థం. ప్రతి సున్నా పక్కనా ఆమె సంతకం. మొదటి సంతకం తారీఖున ఆమె శ్మశానంలో ఉంది.

ఒళ్లు భగ్గుమంది.

ఇన్‌చార్జి తలుపు దగ్గరికొచ్చాడు. "ఇంకా ఎంతసేపమ్మా? బయట లైను పెరిగిపోతోంది."

"గాలి పోవాలి సార్. గంట పడుతుంది."

"నిన్నటిదాకా ఏ పేచీ లేదుగా! అన్నీ సున్నాలేగా!"

"కళ్లు మూసుకుంటే గదంతా శుభ్రంగానే ఉంటుంది సార్. నా సంతకం ఎవరు పెట్టారు?"

"ఎవరో ఒకరు పెట్టాలిగా. రాద్ధాంతం చెయ్యకు." ఫోను చూసుకుంటూ వెళ్లిపోయాడు.

 గంట నిండేదాకా ఆమె బుడగల వంక చూస్తూ నిలబడింది. తర్వాత కాస్త రేడియేషన్ ఉన్న పరీక్షబిళ్లను యంత్రం కింద పెట్టి, కరెంటు ఒత్తిడిని మెట్టుమెట్టుగా పెంచింది. పెంచినకొద్దీ పెరిగిన అంకె ఒకచోట నిలకడగా ఆగింది. అక్కడ బిగించి, బిళ్ల తీసేసి, తలుపు తీసింది.

ముందుగా, పనివాళ్ల బట్టలుతికే లాండ్రీ పెద్దాయన చేతులు పెట్టాడు. యంత్రం గగ్గోలు పెట్టింది.

"పాడైనట్టుంది, చూడమ్మా" అన్నాడు నవ్వుతూ.

"ఇవాళే బాగైంది బాబాయ్. తొమ్మిది రోజులూ చచ్చి పడుంది."

నవ్వు ఆగిపోయింది. "మనవరాలికి ఈ చేతుల్తోనే ముద్ద పెడుతున్నానే..."

ఆమె సబ్బు, గోరువెచ్చని నీళ్లు, మెత్తటి బ్రష్షు తీసుకుని, తల్లికి కడిగినట్టే ఆయన వేళ్ల సందుల్లో కడిగింది. మూడోసారికి చేతుల దగ్గర యంత్రం ఊరుకుంది. మణికట్టు దగ్గర మాత్రం మోగుతూనే ఉంది. వాచీ విప్పించింది, పట్టీకి అంటింది ఎంత కడిగినా వదల్లేదు.

"ఇది ఇక్కడే ఉండాలి. రేపు పాపను తీసుకురా బాబాయ్. ఇల్లు కూడా కొలవాలి, నేను రాసిస్తా."

రిజిస్టరులో తొమ్మిది రోజులకీ అడ్డంగా ఎర్రగీత కొట్టింది. "గ్యాస్ లేదు. కొలత జరగలేదు. ఈ సంతకాలు నావి కావు." పాప సంగతీ చేర్చి నకలు పైఆఫీసుకు తనే పంపింది.

ఇన్‌చార్జి పరుగున వచ్చాడు. "ఆ పేజీ చించెయ్!"

"మీరే చించండి సార్. పక్కన మీ సంతకం పెట్టి మరీ చించండి."

ఆయన చెయ్యి ముందుకు రాలేదు. కాని మూడింటికల్లా కాగితం వచ్చింది: రేపటి నుంచి ఆమె స్టోర్సులో పనిచెయ్యాలి.

మీటరమ్మ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. కరెంటు ఒత్తిడి మెల్లగా దించింది. గాలి మళ్లీ చొరబడకుండా గ్యాస్‌ని మాత్రం సన్నధారగా వదిలే ఉంచింది. గది తాళాలు ఇన్‌చార్జి బల్ల మీద విసిరి, బయటి లైనుకంతా వినపడేలా అరిచింది. ఇరవై ఆరేళ్లలో ఎవరూ వినని గొంతు అది.

"సీసాలో బుడగలు రాకపోతే చేతులు పెట్టకండి! ఎవరి సంతకమున్నా నమ్మకండి! నాది ఉన్నా సరే!"

అంతే. వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది.

గది అలమరలో, మూతి అంటించిన ప్లాస్టిక్ సంచిలో, పెద్దాయన వాచీ ఉండిపోయింది. పట్టీ ఇంకా తడిగానే ఉంది.