బతిమాలితే వినకూడదు

ఆ ఆఫీసులో నెలకోసారి ఒక నాటకం జరిగేది. రంగులు పూసుకునే నాటకం కాదు. గోడ నిండా కంప్యూటర్ తెరలున్న పెద్ద గదిలో, పొడుగాటి బల్ల ముందు ఒక అధికారిణి కూర్చునేది. ఆమె ముందు ఒక ఫోను. పక్క గదిలోంచి ఆఫీసు సూపరింటెండెంటు ఆ ఫోనుకి చేసి, తాను ఫలానా కంపెనీ ఇంజనీరునని చెప్పుకుని, ఏడుపు గొంతు పెట్టేవాడు.

“అమ్మా, తల్లీ, మీ కాళ్ళు పట్టుకుంటాను, పది నిమిషాలు ఆగండి! ఇప్పుడు లైన్లు ఆపేస్తే మా ఓనరు నా తోలు తీస్తాడు!”

“వీల్లేదు. ఆపేయండి.”

“పోనీ ఐదు నిమిషాలు! మా ఆవిడకి నెలలు నిండాయమ్మా, ఏ క్షణాన కబురొస్తుందో!”

“పండంటి బిడ్డ పుట్టాలని కోరుకుంటున్నాను. ఆపేయండి.”

గది గొల్లుమనేది. సూపరింటెండెంటు తలుపు తోసుకుని వచ్చి, “ఈవిడది గుండె కాదండీ బాబూ, బండరాయి!” అని నెత్తి కొట్టుకునేవాడు. ఆఫీసులో అతనికి ‘బతిమాలే బాబాయి’ అని పేరు. నెలనెలా ఒక కొత్త కష్టం కల్పించుకొచ్చేవాడు. ఒకసారి అత్తగారిని చంపేశాడు. ఇంకోసారి తనకే గుండెపోటు తెప్పించుకున్నాడు. ఎన్ని వేషాలు వేసినా ఆ అధికారిణి దగ్గర అతని పప్పులు ఉడకలేదు.

నవ్వులాటగా కనిపించే ఈ తంతు వెనక ఒక చట్టం ఉంది. అది చెప్పకపోతే కథ ముందుకు సాగదు. ముఖం తెలియని దొంగలు ఎక్కడో కూర్చుని మన కరెంటు కేంద్రాల్లోకీ, మంచినీళ్ళ పంపుల్లోకీ, ఆసుపత్రుల్లోకీ కంప్యూటర్ల దారిన దూరే రోజులివి. అలాంటి సైబర్ దాడి జరిగినప్పుడు ఏ కంపెనీ నెట్‌వర్కునైనా ఉన్నపళంగా ఆపించే అత్యవసర అధికారాన్ని ప్రభుత్వం చట్టం చేసి తీసుకుంది. ఆపమన్న అధికారి కారణం చెప్పక్కర్లేదు. ఎదుటివాడి అభ్యంతరం వినక్కర్లేదు. తరవాత ఎవరికి ఏ నష్టం జరిగినా ఆ అధికారిని కోర్టుకి లాగకూడదు, పేరైనా బయటపెట్టకూడదు.

అయ్యో, ఇదేం చట్టమని తొందరపడకండి. ఇల్లు అంటుకున్నప్పుడు నీళ్ళు పోసేవాడు గుమ్మంలో నిలబడి “లోపలికి రావచ్చునా అండీ” అని అడుగుతాడా? అవసరమైన చట్టమే. కాని దాన్ని నేర్పిన పద్ధతి చూడండి. నెలనెలా జరిగే ఆ పరీక్షలో, ఫోనులో బతిమాలే మనిషి మాటకి తటపటాయిస్తే మార్కులు పోతాయి. “ఎందుకు ఆగమంటున్నారు?” అని అడిగినా పోతాయి. మన అధికారిణికి ఏనాడూ ఒక్క మార్కూ పోలేదు. అందరికంటే ముందు ఆమే ఉండేది, అందుకు లోలోపల గర్వపడేది కూడా.

ఇంటికొస్తే ఆమె వేరే మనిషి. భర్త ప్రింటింగ్ ప్రెస్సులో లెక్కలు చూస్తాడు. ఇంట్లో మూడో మనిషి మామగారు, రిటైరైన హెడ్‌మాస్టరు. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకి పోతే పగలంతా ఆయన ఒక్కరే. ఒకసారి కళ్ళు తిరిగి పడబోయారు. అప్పుడు కోడలే పట్టుబట్టి ఆయన మెడలో ఒక చిన్న ప్లాస్టిక్ మీట వేయించింది. దాన్ని నొక్కితే సహాయ కేంద్రంలో మోగుతుంది, వాళ్ళు వెంటనే మనిషిని పంపుతారు.

“మెడలో గంట కట్టేశావు కదే అమ్మాయ్! ఇక నేను ఎవరి చేలో పడి మేసినా నీకు తెలిసిపోతుంది,” అన్నారాయన.

“మీరు ఎక్కడా పడకుండా ఉంటే చాలు మామయ్యా. స్నానానికి వెళ్ళినా తియ్యకండి. నా మీద ఒట్టు.”

ఆయన ఒట్టు నిలబెట్టుకున్నారు. నిద్రలో కూడా తీసేవారు కాదు.

ఒకనాటి పొద్దున, ఇంకా ఎవరూ టీ కూడా తాగకముందే, ఆఫీసు గోడ మీద తెరలు ఎర్రబడ్డాయి. ఈసారి నాటకం కాదు. దొంగలు ఒక టెలిఫోన్ కంపెనీ కంప్యూటర్లలో దూరి, అక్కణ్ణుంచి కరెంటు కేంద్రం వైపు పాకుతున్నారు. కరెంటు కేంద్రం వాళ్ళ చేతికి చిక్కితే ఊరూవాడా చీకటే. ఆనాటి డ్యూటీ మన అధికారిణిది. ఆమె తటపటాయించలేదు. కంపెనీకి ఫోన్ చేసి, తన పదవి చెప్పి, నెట్‌వర్కు మొత్తం ఆపేయమంది.

అటునుంచి ఆ కంపెనీ ఇంజనీరు గొంతు కంగారుగా పలికింది. “మేడమ్, ఒక్క పావుగంట ఇవ్వండి. మొత్తం ఆపితే దాని మీద నడిచే చిన్న చిన్న సర్వీసులన్నీ పోతాయి. కొన్నిటిని వేరు చేసి...”

“వీల్లేదు. ఆపేయండి.”

“మేడమ్, దయచేసి నా మాట వినండి. ఆ సర్వీసుల్లో ముఖ్యమైనవి ఉన్నాయి. కాళ్ళు పట్టుకుంటాను...”

కాళ్ళు పట్టుకుంటాననే మాట వినగానే ఆమె పెదాల మీదికి సన్నగా నవ్వొచ్చింది. అవును, నవ్వే. బతిమాలే బాబాయి కళ్ళముందు మెదిలాడు. “చట్ట ప్రకారం నేను కారణం చెప్పక్కర్లేదు, మీరు వాదించక్కర్లేదు. ఆపేయండి,” అని ఫోన్ పెట్టేసింది.

లైన్లు ఆగిపోయాయి. దొంగల దారి తెగిపోయింది. కరెంటు కేంద్రం క్షేమం. గదిలో చప్పట్లు మారుమోగాయి. డైరెక్టరు స్వయంగా వచ్చి చెయ్యి కలిపాడు. బతిమాలే బాబాయి అయితే, “ఎవరి శిక్షణ అనుకున్నారు!” అని కాలరు ఎగరేశాడు. దొంగల్ని పూర్తిగా ఏరేసి లైన్లు తిరిగి ఇచ్చేసరికి పొద్దు వాలింది.

ఆమె ఇంకా ఆఫీసులో ఉండగానే భర్త ఫోన్ చేశాడు. మాట తడబడుతోంది. “నాన్న... బాత్రూములో పడిపోయాడు. పొద్దుటే పడ్డాడట. నేను వచ్చేదాకా నేల మీదే ఉన్నాడు. ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను, నువ్వు రా.”

ఆమె ఆసుపత్రికి చేరేసరికి డాక్టరు బయటికొచ్చాడు. తుంటి ఎముక విరిగింది. పడగానే తీసుకొచ్చి ఉంటే వేరుగా ఉండేదనీ, తడి నేల మీద అంతసేపు కదల్లేక పడి ఉండటంతో ఊపిరితిత్తుల్లో నెమ్ము కూడా చేరిందనీ, ప్రాణానికి భయం లేదుగాని ఇక చేయూత లేకుండా నడవలేరనీ చెప్పాడు.

వరండాలో భర్త నిలవలేక అటూ ఇటూ తిరుగుతున్నాడు. “మీట నొక్కుతూనే ఉన్నాట్ట! బొటనవేలు వాచిపోయింది. ఫోన్ కంపెనీ లైన్లన్నీ గవర్నమెంటు ఆపించిందట, ఆ మీటలు కూడా వాటి మీదే నడుస్తాయట. ఏ మహానుభావుడు ఆపించాడోగాని, వాడింట్లో ముసలాళ్ళు లేరా? ఒక్కసారి అడగాలన్న ఇంగితం లేదా?”

ఆమె కంప్యూటర్ల భద్రతకి సంబంధించిన ఆఫీసులో పని చేస్తుందని మాత్రమే ఇంట్లో తెలుసు. అంతకుమించి చెప్పక్కర్లేదని చట్టం. ఆ క్షణంలో ఆ చట్టం దగ్గరి చుట్టంలా కనిపించింది ఆమెకి. చెప్పనక్కర్లేదు, ఎవరూ అడగరు, అడిగినా తప్పించుకోవచ్చు. అలా అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. భర్త భుజం మీద చెయ్యి వేయబోయి వెనక్కి తీసుకుంది.

మర్నాడు ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని టెలిఫోన్ కంపెనీకి ఫోన్ చేసింది. ఆ ఇంజనీరుని పిలిపించుకుంది.

“నిన్న మీరు ఏ సర్వీసులు వేరు చేస్తానన్నారు?”

“ఒంటరిగా ఉండే పెద్దవాళ్ళ మీటలు మేడమ్. ఇంకా కొన్ని. చెప్పబోతుంటే మీరు పెట్టేశారు.”

“పావుగంట ఆగితే దొంగలు కరెంటు కేంద్రంలోకి వెళ్ళిపోయేవారేమో కదా?”

“ఏమో మేడమ్. వెళ్ళేవారేమో. మీ దగ్గరున్న వివరం నాకు తెలీదు, నా దగ్గరున్నది మీకు తెలీదు. ఇద్దరం ఒక్క నిమిషం మాట్లాడుకుని ఉంటే తెలిసేది. పోనీ, ఆ సహాయ కేంద్రానికైనా ముందు కబురు చేసేవాణ్ణి, ఇంటింటికీ మనిషిని పంపించుకునేవాళ్ళు.” అతను కొంచెం ఆగి అన్నాడు, “నేను నిజంగానే బతిమాలాను మేడమ్.”

ఆ రోజు నుంచి ఆమెకి ముద్ద దిగలేదు. ఆఫీసులో పతకానికి తన పేరు రాశారని చెబితే తేలు కుట్టిన దొంగలా తల వంచుకుని కూర్చుంది. ఇంట్లో భర్త ఎదురుపడితే ఏదో పని కల్పించుకుని పక్కకి తప్పుకుంది. అతను ఆమెకి ఆఫీసులో పని ఎక్కువైందనుకుని, “నువ్వు కాస్త పడుకో, నాన్న దగ్గర నేనుంటాను,” అని ప్రేమగా అంటే, ఆ ప్రేమ ఆమెకి చెంపదెబ్బలా తగిలింది.

ఒక సాయంత్రం ఆసుపత్రిలో మామగారికి దిండు సర్దుతుంటే ఆయన ఆమె మణికట్టు పట్టుకున్నారు.

“నువ్వేనా?”

“ఏంటి మామయ్యా?”

“నాలుగు రోజుల్నించీ నా మొహంలోకి చూడట్లేదు. ఇంతకాలం ఎంతమంది పిల్లల దొంగచూపులు చూశాననుకున్నావు? ఆ లైన్లు ఆపించింది నువ్వేనా?”

ఆమె మంచం పట్టీ పట్టుకుని కూలబడింది. తల ఊపింది. కళ్ళ నీళ్ళు ఆగలేదు. “మామయ్యా, నన్ను క్షమిం...”

“ఆ మాట అనకు.” గొంతు బలహీనంగా ఉన్నా పాత హెడ్‌మాస్టరే పలికాడు. “అన్నావంటే క్షమించేస్తాను. ఇంటి కోడలివి, కాదనలేను. నువ్వు ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోతావు. నాకది ఇష్టం లేదు. ఆ నేల మీద పడి ఏం చేశానో తెలుసా? మీట నొక్కుతూ ముందు వాళ్ళని తిట్టాను. తరవాత పనికిమాలిన వస్తువు కొనిపెట్టిందని నిన్ను తిట్టాను. మధ్యాహ్నం దాటాక తిట్టే ఓపిక కూడా లేక చిన్నపిల్లాడిలా ఏడ్చాను. బట్టలు తడుపుకున్నాను. నా కొడుకు నన్ను ఆ స్థితిలో చూశాడు.”

ఆమె జారిన దుప్పటిని ఆయన కాళ్ళ మీదికి సర్దింది.

“దొంగలొచ్చారు, తలుపు వేశావు. వెయ్యాల్సిందే, అది తప్పనను. కాని వేసే ముందు లోపల ఎవరైనా ఉన్నారా అని ఒక్క కేక వెయ్యవా?”

“అడగకూడదని నేర్పారు మామయ్యా. అడిగితే మార్కులు పోతాయి.”

“మార్కులా!” ఆయన కళ్ళు మూసుకున్నారు. “జీవితమంతా నేనూ మార్కులే వేశాను. సరే. నాకు చెప్పి ఏం లాభం? ముందు నీ మొగుడికి చెప్పు. ఆ తరవాత ఆ నేర్పినవాళ్ళకి చెప్పు.”

ఆ పూటే వరండాలో భర్తకి చెప్పింది. అతను అరవలేదు. అరిచినా బాగుండేదనుకుంది ఆమె. మందుల సంచి ఆమె చేతిలో పెట్టి, తండ్రి దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు. ఆ తరవాత చాలా రోజులు వాళ్ళిద్దరి మధ్య మందుల గురించి తప్ప మాటల్లేవు.

ఆ చట్టం అప్పటిదాకా తాత్కాలికం. దాన్ని శాశ్వతం చెయ్యాలా అని విచారించడానికి ఒక సంఘం వేశారు. రిటైరైన న్యాయమూర్తి ఒకావిడ అధ్యక్షురాలు. చట్టాన్ని వాడిన అధికారులు అనుభవాలు చెప్పవచ్చు, తెర చాటున కూర్చోవచ్చు, పేరు ఎవరికీ తెలియదు. డైరెక్టరు మన అధికారిణిని పిలిచి, “దాడి ఎలా ఆగిందో చెప్పు, చాలు. తక్కినది తవ్వకు. గతజల సేతుబంధనం ఎందుకమ్మా?” అని మెత్తగా హెచ్చరించాడు.

విచారణ రోజున ఆమె తెర చాటుకి వెళ్ళలేదు. జనం కూర్చున్న హాలులో, అందరికీ కనిపించే కుర్చీలో కూర్చుని తన పేరు చెప్పింది. నెలనెలా ఆడిన నాటకం చెప్పింది. ఇంజనీరు బతిమాలింది చెప్పింది, తనకి నవ్వొచ్చిందని కూడా దాచకుండా చెప్పింది. మామగారు పగలంతా తడి నేల మీద పడి ఉన్న సంగతి చెప్పింది. హాలులో వెనక వరసలో ఆమె భర్త, చక్రాల కుర్చీలో ఆమె మామగారు ఉన్నారు. తీసుకెళ్ళమని కొడుకుని పట్టుబట్టింది ఆయనే. కొడుకు కాదనలేదు.

అధ్యక్షురాలు కళ్ళజోడు తీసి అడిగింది. “దాడి ఆగిందిగా? అయితే ఈ అధికారం ఉండకూడదంటారా?”

“ఉండాలండీ. లేకపోతే ఆ రోజు ఊరంతా చీకట్లో ఉండేది.”

“మరి, మీ పేరు ఎవరూ అడగకూడదని చట్టమే మీకు రక్షణ ఇచ్చింది. దాన్ని వదులుకుని ఎందుకొచ్చారు?”

ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చక్రాల కుర్చీ వైపు చూసింది. మామగారు చూపు తిప్పుకోలేదు.

“ఆ రక్షణే నన్ను పాడు చేసిందండీ. ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదని తెలిశాక, ఎవరి మాటా వినక్కర్లేదని నాకు నేనే అనుకున్నాను. ఆపే అధికారం మాకు ఇవ్వండి. కాని ఆపే ముందు ఎవరికి దెబ్బ తగులుతుందో అడగమనండి, ఆపిన తరవాత ఆ దెబ్బ తిన్నవాళ్ళ ముందుకొచ్చి పేరు చెప్పి నిలబడమనండి. జవాబు చెప్పుకునే పని లేని అధికారం ఎంత మంచివాళ్ళ చేతిలో ఉన్నా, అది ఎవరి ఇంటి మీద పడుతోందో దాన్ని వాడేవాళ్ళకి కనిపించదు.”