“అపరిశుభ్రత” అని రాసిన చెయ్యి

నర్సు ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆమె పిల్లలకి పోట్లాడటం నేర్పుతోందని ఊళ్ళో చెప్పుకునేవారు. నిజానికి ఆమె ముందు నేర్పింది సీసా కడగడం. వాగు నీళ్ళతోనే మూడుసార్లు కడిగి, నాలుగోసారి నింపి, మూత బిగించి, తేదీ, వేళ రాయాలి. ఫ్యాక్టరీకి ఎగువన ఒక సీసా, దిగువన ఒకటి. ఆ తర్వాత ఇల్లిల్లూ తిరిగి పుండ్లు ఎవరికున్నాయో, ఎన్నాళ్ళ నుంచో అడగాలి. “చాలామందికి” అని రాసుకొస్తే కాగితం మొహాన కొట్టినంత పని చేసేది.

ఆ కొండవాలులో ఉండేవాళ్ళంతా ఆదివాసులు. తరతరాలుగా ఆ వాగు నీళ్ళే తాగారు. పైన లోహం శుద్ధి చేసే ఫ్యాక్టరీ వచ్చినప్పటి నుంచి దిగువ ఇళ్ళలో ఒంటినిండా పుండ్లు. ఇప్పుడా ఫ్యాక్టరీని రెండింతలు చేస్తారట. దానికి ముందు ప్రజాభిప్రాయ సభ పెట్టాలి. ఆ సభలో మాట్లాడటానికే ఐదుగురు పిల్లల్ని ఆమె తయారుచేస్తోంది. అందరూ ఇరవై ఏళ్ళ లోపువాళ్ళే.

శనివారాలు బడి గదిలో ఆమె అధికారి వేషం కట్టేది. వాళ్ళు మాట్లాడుతుంటే ఆవలించేది, ఫోన్ చూసుకునేది, మధ్యలో నోరు మూయించేది. ఎంత బాగా చేసేదంటే, ఒకరోజు ఓ పిల్ల ఒళ్ళు మండి, “మీకు చెవులున్నట్టా లేనట్టా?” అని బల్ల మీద కొట్టింది. అందరూ లాయరమ్మ అని పిలిచేది ఈ పిల్లనే. అత్తా అని పిలుస్తూనే ఆమెతో ప్రతిమాటకీ వాదించేది. ఆ పిల్లంటే ఆమెకి లోలోపల ప్రాణం.

సభ ఇంకా రెండు వారాలుందనగా, లాయరమ్మ ఆరోగ్య కేంద్రంలో అర్జీ పెట్టి పాత రిజిస్టర్ల నకళ్ళు తెచ్చింది. మర్నాడు మధ్యాహ్నం నేరుగా ఆమె ఇంటికొచ్చింది. ఆమె పెరట్లో బట్టలు ఆరేస్తోంది.

“అత్తా, ఈ రాత నీదేనా?”

పేజీ నిండా పేర్లు. ప్రతి పేరు పక్కనా పుండ్లు, దానికి కారణం “అపరిశుభ్రత”. గుండ్రటి అక్షరాలు.

“నాదే.”

అప్పటి డాక్టరు ఆ మాటే రాయమన్నాడని చెప్పింది. నీళ్ళ వల్ల అని రాసినప్పుడల్లా కాగితాలు తిరిగొచ్చేవి. రెండుసార్లు ఎదురు తిరిగింది. మూడోసారి ఉద్యోగం పోతుందన్నారు. ఆ కొండవాళ్ళలో తెల్లకోటు వేసుకున్న మొదటి మనిషి తనే. భయపడింది. రాసింది.

లాయరమ్మ వేలు ఒక పేరు దగ్గర ఆగింది. అది తన పేరే. అప్పుడు దానికి ఆరేళ్ళు.

“మా అమ్మ సబ్బు పెట్టి రక్తం వచ్చేదాకా రుద్దేది నన్ను. శుభ్రం లేదన్నారని. ఎవరన్నారో ఇవాళ తెలిసింది.”

ఆమె చేతిలోని తడిబట్టని బకెట్లో పడేసి ఆ పేజీ అందుకుంది. లాయరమ్మే మళ్ళీ అడిగింది, ఫ్యాక్టరీవాళ్ళు సభలో ఈ రిజిస్టరే చూపిస్తారు కదా, తనేం చెయ్యాలని.

“ఈ పేజీ దాచెయ్యమని నేనడిగితే, ఇన్నాళ్ళూ మీకు నేర్పింది ఏమున్నట్టు? నీకేది న్యాయమనిపిస్తే అది చెయ్యి” అంది ఆమె.

ఆ తర్వాతి శనివారం లాయరమ్మ రాలేదు.

సభ రోజు మాత్రం వచ్చింది. ముందు వరసలో కూర్చుంది, ఆమె వైపు చూడలేదు. అనుకున్నట్టే ఫ్యాక్టరీ డాక్టరు రిజిస్టరు తెరిచి, ఈ జనానికి ఒళ్ళు కడుక్కునే అలవాటు తక్కువని తేలిగ్గా తీసిపారేశాడు. లాయరమ్మ లేచి మైకు పట్టుకుంది.

దిగువన పంతొమ్మిది ఇళ్ళు, పద్నాలుగిళ్ళలో పుండ్లు. ఎగువన ఏడిళ్ళు, ఒక్కరికీ లేవు. “వాళ్ళూ మావాళ్ళే. అదే సబ్బు, అదే స్నానం. నీళ్ళే వేరు” అంది.

సభ నడిపే అధికారి నవ్వాడు. సర్కారు రికార్డుకి నీ నోటుపుస్తకం సాటా అన్నాడు.

“ఆ మాట రాసినవాళ్ళు ఈ హాల్లోనే ఉన్నారు. ఎవరో నేను చెప్పను. చెప్పాలనిపిస్తే వాళ్ళే చెప్తారు.”

ఆమె కూర్చునే ఉంటే ఎవరికీ తెలియదు. పింఛను భద్రంగా ఉంటుంది. ఆమె లేచింది.

“రాసింది నేనే. అది అబద్ధం.”

హాలంతా ఆమె వైపు తిరిగింది. అధికారి ముఖం మాడింది. మీ వంతు కాదు, కూర్చోండన్నాడు. సర్వీసులో తప్పుడు రాతలు రాశానని ఒప్పుకుంటే ఏమవుతుందో తెలుసా అని బెదిరించాడు.

“తెలుసు. ఇన్నేళ్ళూ కూర్చునే రాశాను సార్. ఇప్పుడు కూర్చోను.”

అప్పటి డాక్టరు ఏమన్నాడో, కాగితాలు ఎలా తిరిగొచ్చాయో, ఎన్ని పేర్ల పక్కన ఆ మాట రాసిందో అన్నీ చెప్పింది. ఇది రాయొద్దని, సభలో మాటలు రాసుకుంటున్న గుమాస్తాకి అధికారి సైగ చేశాడు. లాయరమ్మ గుమాస్తా బల్ల ముందుకెళ్ళి నిలబడి, “రాయండి” అంది. మిగతా నలుగురూ వచ్చి నిలబడ్డారు. వాళ్ళ వెనక ఊరంతా లేచింది. గుమాస్తా అధికారి వైపు చూశాడు, జనం వైపు చూశాడు, తల వంచుకుని రాయడం మొదలుపెట్టాడు.

ఫ్యాక్టరీ మూతపడలేదు. కానీ పెంచడానికి అనుమతి ఆగింది. వాగు నీళ్ళని ఊరివాళ్ళ కళ్ళెదుటే మళ్ళీ పరీక్ష చెయ్యాలని ఉత్తర్వు వచ్చింది. దిగువ ఇళ్ళకి ట్యాంకరు నీళ్ళు రాసాగాయి. పదిహేను రోజులకి ఆమెకీ ఒక కాగితం వచ్చింది: తప్పుడు నమోదులకి పింఛను ఎందుకు ఆపకూడదో చెప్పమని.

శనివారం దాన్ని పిల్లలకి చదివి వినిపించింది. ఆ రోజు గదిలో పన్నెండుమంది ఉన్నారు. లాయరమ్మ ఆమెని క్షమించానని అనలేదు, ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు. నోటీసు మాత్రం ఆమె చేతిలోంచి లాక్కుని, కలం తీసింది.

“జవాబు నేను రాస్తాను. మొదటి ముక్క చెప్పత్తా.”

“అవును, రాశాను అని మొదలుపెట్టు” అంది ఆమె. “ఎవరు రాయించారో రెండో ముక్కలో పెట్టు.”