పోయేటోడి దావత్

మా క్రీడా సంఘంలో చేరడం తేలిక, ఓడిపోవడం ఇంకా తేలిక. బయటికి పోవడమే కష్టం. పోవాలంటే పొట్టేలు కోయాలి.

నవ్వకండి, నిబంధనల్లో ఉంది. తెలంగాణ వచ్చిన ఏడాది ఎవరిని చూసినా ఏదో ఒక సంఘం పెడుతున్న రోజులు. ఇద్దరు నిలబడి మాట్లాడుకుంటే సంఘం, ముగ్గురైతే సమాఖ్య. మేమెందుకు ఊరుకోవాలని నల్లగొండ, పాలమూరు డిగ్రీ కాలేజీలు ఎనిమిది కలిసి క్రీడా సంఘం పెట్టుకున్నాం. మొదటి సమావేశంలోనే అధ్యక్షుడెవరన్న దగ్గర కుర్చీలు లేచాయి. అప్పుడే బగారన్నం, మటన్ దిగాయి. అందరూ చేతులు కడుక్కుని కూర్చున్నారు. తిని లేచేసరికి అధ్యక్షుడెవరైతే ఏంటన్నారు. దాన్ని చూసి పోచంపల్లి కాలేజీలో ఆటలు నేర్పే పీడీ సిద్దిరాములు సారు ఒక నిబంధన రాయించారు. చేరేవాళ్లు దావత్ ఇవ్వాలి, పోయేవాళ్లూ దావత్ ఇవ్వాలి. సభ్యులందరూ తిన్నాకే చేరినట్టు, తిన్నాకే పోయినట్టు.

సిద్దిరాములు సారుది మగ్గం ఇల్లు. సంఘానికి జెండా తానే నేశారు, కాలేజీకొక రంగున ఎనిమిది గడులతో. పోచంపల్లి పనిలో దారానికి ముందే రంగులద్ది తర్వాత మగ్గం ఎక్కిస్తారు. ఎక్కాక ఇక మార్చడం ఉండదు. జెండా మగ్గం మీద ఉండగానే ఒక కాలేజీ యాజమాన్యం మారి రంగూ మార్చుకుంది. "నేను దారం మాట ఇస్త గని కాలేజీల మాట ఇయ్యలేను" అన్నారాయన. ఆ జెండా ఎగిరింది ఒక్కసారే. తర్వాత ప్రతి దావత్‌లోనూ దాన్నే దస్తర్‌ఖాన్‌లా పరిచి పళ్లాలు పెడుతున్నాం. మా సంఘం చరిత్ర తెలుసుకోవాలంటే దాని మీద మరకలు చూస్తే చాలు.

కొత్త జిల్లాలు వచ్చిన దసరాకు మొదటి మరక. గద్వాల వైపు కాలేజీ ఒకటి, మా జిల్లా వేరు, మా సంఘం వేరంటూ పోయింది. దావత్‌లో కోడి పెట్టారు. పెద్ద లొల్లి. కోడి కోస్తే పోయినట్టు కాదు, పొట్టేలే కోయాలని అప్పుడే తీర్మానం చేశాం. వాళ్లు మళ్లీ వచ్చి పొట్టేలు కోసి మరీ పోయారు. ఆ కొత్త సంఘంలో సభ్యత్వం వాళ్లొక్కరిదే. ఏటా చాంపియన్లు వాళ్లే, ఓడించేవాడు ఉండాలి కదా! కోదాడ దిక్కు కాలేజీ మూతపడి ఫంక్షన్ హాల్ అయింది. అసలు దావత్ అంటే అదే, సొంత హాలు, సొంత వంటవాళ్లు. చదువు చెప్పిన రోజుల్లో ఆ కాలేజీ అంత కళగా ఎన్నడూ లేదు. కరోనాలో ఇంకో కాలేజీవాళ్లు సంఘం వదిలిపోతూ జూమ్‌లో దావత్ అన్నారు. ఇంటింటికీ మటన్ డబ్బాలు పంపితే గానీ ఒప్పుకోలేదు మేం. మరో కాలేజీలో సార్లు మిగిలారు, పిల్లలు మిగలలేదు, వాళ్లూ పొట్టేలు కోసి పోయారు. చివరికి నలుగురం ఉన్నాం. అచ్చంపేట నుంచి నేను, పోచంపల్లి సిద్దిరాములు సారు, మహబూబ్‌నగర్ జానీ సారు, మేళ్లచెరువు విజ్ఞాన శిఖర కాలేజీ ప్రిన్సిపాల్ మురళీమోహన్.

నా పేరు సుచరిత. కాలేజీలో పీడీని, సంఘానికి కార్యదర్శిని. ఆ పదవి ఇంకెవరూ తీసుకోరు కాబట్టి ఏటా నన్నే ఏకగ్రీవంగా ఎన్నుకుంటారు.

ఈ ఏడాది మహిళల కబడ్డీ పోటీ మా గ్రౌండులో. మా కెప్టెన్ స్వర్ణ. నోట్లో నాలుక ఉందా లేదా అన్నట్టుంటుంది గానీ, గీత దాటి కూత పెట్టిందంటే అవతలి ఏడుగురూ వెనక్కి జరగాల్సిందే. వాళ్ల నాయిన గుర్వయ్యకు గొర్ల మంద ఉంది. కొడుకు హైదరాబాద్‌లో ఆటో నడుపుతున్నాడు. ఎండాకాలం మేత కోసం మంద కృష్ణ ఒడ్డుకు దిగాలి, వెంట ఇంకో మనిషి కావాలి. డిగ్రీ అయిపోతే ఆ మనిషి స్వర్ణే. మా కప్పు గెలిచిన జట్టు కెప్టెన్‌కు హైదరాబాద్ శిక్షణ శిబిరంలో నేరుగా చోటిస్తారు. స్వర్ణకు ఇదే ఆఖరు ఏడు. గెలిస్తే శిబిరం, లేకపోతే మంద. ఇంతే లెక్క.

ఒక మెలిక ఉంది. కప్పు చేతికిచ్చే వేళకు సంఘంలో కనీసం నలుగురు సభ్యులుండాలి. లేకపోతే శిబిరం వాళ్లు మా కప్పును చెంబు కింద కూడా జమకట్టరు.

పోటీకి వారం ముందు మురళీమోహన్ వాట్సాప్ గ్రూపులో, "హైదరాబాద్ లీగ్‌లో చేరుతున్నాం, ఇన్నాళ్ల సహకారానికి ధన్యవాదాలు" అని రెండు దండాల బొమ్మలు పెట్టి గ్రూపులోంచి వెళ్లిపోయాడు. మేళ్లచెరువు సిమెంటు దుమ్ములో కూర్చున్నవాడికి హైదరాబాద్ గాలి సోకింది. నేను గ్రౌండులోనే నాలుగు మాటలు అన్నాను. అవి ఇక్కడ రాయలేను. పక్కనే స్వర్ణ నిలబడి ఉంది.

"మేడం, ఇగ కప్పు లేనట్టేనా?" అని మాత్రం అడిగింది. నాకు ఏడుపొచ్చింది, కోపం కూడా వచ్చింది. కోపమే ముందు బయటపడింది. "పో, రైడ్లు ప్రాక్టీస్ చెయ్‌పో" అని కసిరాను.

సిద్దిరాములు సారుకు ఫోన్ చేశాను. ఆయన తాపీగా, "గ్రూపులకెల్లి పోయిండు గని, సంఘంలకెల్లి యాడ పోయిండు మేడం? దావత్ ఇచ్చిండా?" అన్నారు.

ఇవ్వలేదు. పీనాసితనం కొద్దీ చల్లగా జారుకుందామనుకున్నాడు. అంటే ఇంకా సభ్యుడే! ఆడడానికి జట్టును పంపకపోతే ఓడినట్టు రాసుకుంటాం, అంతే.

మర్నాడే మురళీమోహన్ ఫోన్ చేశాడు. ఏ సంఘంలోనూ సభ్యత్వం లేదని కార్యదర్శి సంతకంతో కాగితం తెమ్మన్నారట హైదరాబాద్ లీగ్ వాళ్లు.

"దావత్ అయినంక రాసిస్త సార్" అన్నాను.

"ఏం మేడం, గింత చదువుకున్నోళ్లం, గిదేం దావత్ లొల్లి?"

"నిబంధన సార్. తొలి దావత్‌ల మూలుగున్న నల్లిబొక్క కోసం కొట్లాడింది మీరే."

అతను దారికొచ్చాడు. "సరే. శనివారం మీ పోటీ ఉన్నది గదా, అందరు ఆడనే ఉంటరు. పగటీలి అన్నం నాది. తిని కాగితం ఇయ్యుండ్రి, నాకు పొద్దుమూకేలోపల హైదరాబాద్ చేరాలె."

నా నోరు నన్నే మింగింది. ఆ రోజు పొద్దున మాకూ పోచంపల్లికీ మ్యాచ్. మేళ్లచెరువు రాదు కాబట్టి మహబూబ్‌నగర్ నేరుగా ఫైనల్‌కు వస్తుంది. ఆడపిల్లలు ఒకటి ఆడి వెంటనే ఇంకోటి ఆడలేరు, అందుకే ఫైనల్ మూడింటికి పెట్టాం. పగటిపూట అందరం తింటే అతను పోయినట్టే. మూడింటికి మేం ముగ్గురమే మిగులుతాం.

ఒక ఉపాయం వేశాను. "శనివారం నేను ఒక్కపొద్దు సార్, మటన్ ముట్ట" అన్నాను. జన్మలో ఎన్నడూ లేదు నాకు ఒక్కపొద్దు.

"ఫికర్ చెయ్యకుండ్రి మేడం. పొట్టేలు కోసుడే గదా ముఖ్యం? మీకు పప్పు, గడ్డపెరుగు చెప్పిన" అన్నాడు.

శుక్రవారం గుర్వయ్య కాలేజీకి వచ్చాడు, భుజాన గొంగడి, ముఖాన సంబురం. "మేడమ్మా, రేపటి మీ దావత్‌కు నా పొట్టేలే పోతాంది. ఆ సారు బయానా గుడ ఇచ్చిండు. మందల అట్లాంటిది ఇంకోటి లేదు."

నేను నోరు తెరిచేలోపే స్వర్ణ అంది, "నాయినా, అది తింటే నా ఆట గంగల కలుస్తది." సంగతంతా చెప్పింది. ఆ పిల్ల అంతసేపు మాట్లాడడం నేను మొదటిసారి చూశాను.

గుర్వయ్య గొంగడి ఇటు భుజం మీది నుంచి అటు మార్చుకున్నాడు. "బేరమైంది బిడ్డా. బయానా పట్టిన. మాట తప్పితే మందకు మంచిదిగాదు."

"మంద, మంద! నీకు మంద తప్ప నేను కనవడనా?"

ఆయన గేటు వైపు తిరిగాడు. వెళ్లిపోయాడు. నాకు ఆ మనిషి మీద పీకలదాకా కోపం వచ్చింది.

శనివారం పొద్దున పోచంపల్లి మీద గెలిచాం. సిద్దిరాములు సారు తన పిల్లల్ని ఓదారుస్తూనే స్వర్ణకు నీళ్ల సీసా అందించారు. గ్రౌండు చివర మురళీమోహన్ తెచ్చిన వంటవాడు ఉల్లిగడ్డలు ఎర్రగా వేయించి, బగారన్నం దించి కూర్చున్నాడు. పొట్టేలు తెల్లారేసరికి రావాలి. పది దాటినా రాలేదు.

మురళీమోహన్ ఫోన్ చేశాడు. స్పీకర్‌లోనే మాట్లాడతాడు కాబట్టి గుర్వయ్య గొంతు మాకూ వినబడింది. "వస్తున్న సారూ, బల్మూరు కాడ ఉన్న."

పన్నెండింటికి మళ్లీ చేశాడు. "దారిలనే ఉన్న సారూ. పొట్టేలు మొండికేసింది, నడుస్తలేదు."

"ఆటోల వెయ్యరాదయ్యా!"

"ఆటో అంటే దానికి భయం సారూ. పావుగంటల వస్త."

ఆ పావుగంట మా ఊరి పావుగంట. ఒంటిగంటకు మురళీమోహన్ చొక్కా ప్యాంటులోంచి బయటికొచ్చింది. రెండింటికి కోళ్లు తెప్పిస్తానన్నాడు. జానీ సారు అన్నం వైపు ఆకలిగా చూస్తూనే, "కోడి చెల్లదు సార్. తీర్మానం మీద మీ సంతకం గుడ ఉన్నది" అన్నారు. అప్పటికి ఇంకో పొట్టేలును వెతికి, కోసి, వండే వేళ మించిపోయింది.

మూడింటికి ఫైనల్ మొదలైంది. జానీ సారు పిల్లలు గట్టివాళ్లు, పైగా పొద్దున ఆడని పిల్లలు, కాళ్లలో బలముంది. మావాళ్లు అలిసిపోయారు. ఆఖరు నిమిషానికి రెండు జట్లకూ పాయింట్లు సమానం. స్వర్ణ రైడ్‌కు వెళ్లింది. చేయి చాపిన చోట కార్నర్ పిల్ల మడమ పట్టేసింది, ఇంకొకామె నడుం పట్టింది. కూత సన్నబడింది. ఇక తెగుతుందనుకుంటుండగా గోడ అవతల నుంచి ఎవరో ఈల వేశారు. పొడుగ్గా, మధ్యలో తిరిగి, మందను మలుపుకునే ఈల. స్వర్ణ ఆ ఇద్దర్నీ ఈడ్చుకుంటూ వచ్చి గీత మీద చేయి వేసింది.

నేను అరిచిన అరుపుకు నా గొంతు పోయింది. అది మూడు రోజులకు గానీ రాలేదు. వెంటనే, ఒక్క క్షణం ఆగకుండా, కప్పు ఆ పిల్ల చేతిలో పెట్టాను. ఆ క్షణాన సంఘంలో మేం నలుగురం. మురళీమోహన్ అక్కడే ఉన్నాడు, ఆకలితో.

అప్పుడొచ్చాడు గుర్వయ్య, పొట్టేలు తాడు పట్టుకుని. అది మొండికేస్తున్నట్టేమీ లేదు, కుక్కపిల్లలా వెంట నడుస్తోంది. సిద్దిరాములు సారు గోడ అవతలికి తొంగి చూసి వచ్చి నా చెవిలో, "అవతల పెంటికలు కుప్పవడ్డయి మేడం. పొద్దుగాల్నుంచి గీడనే ఉన్నడు" అన్నారు.

స్వర్ణ కప్పు పట్టుకుని నాయిన వైపు చూస్తూ ఉండిపోయింది. ఆయన మాత్రం పొట్టేలు చెవిలో పురుగేదో తీస్తున్నట్టు తల వంచుకున్నాడు.

పొట్టేలు కోశారు, వండారు. దీపాలు పెట్టే వేళకు జెండా పరిచి పళ్లాలు వేశారు. నా ముందు పప్పు పెట్టబోతే పక్కకు తోసి మటన్ వేయించుకున్నాను. నా ఒక్కపొద్దు సంగతి అప్పుడు అందరికీ తెలిసింది. కానీ ముద్ద కలిపి చేతిలోనే పట్టుకున్నాను. ఇది తింటే మురళీమోహన్ పోయినట్టే, మేం ముగ్గురం. వచ్చే ఏడు ఇంకో స్వర్ణ వస్తే ఆ పిల్లకు ఇవ్వడానికి మా దగ్గర కప్పు ఉండదు. పదేళ్లకు పైగా తిట్టుకుంటూ నడిపిన సంఘం. దాని మీద నాకింత ప్రేమ ఉందని అప్పటిదాకా నాకే తెలియదు. అయినా నిబంధన నిబంధనే. తిన్నాను.

మురళీమోహన్ తేన్చి, కాగితం, పెన్ను నా ముందుకు జరిపాడు. "ఇప్పుడు బయలెల్లినా రేపు పొద్దుగాల లీగోళ్లతోని మాట్లాడుకోవచ్చు. రాయుండ్రి మేడం."

"జర ఆగుండ్రి సారూ" అన్నాడు గుర్వయ్య. రుమాలు మూట విప్పి బయానా నోట్లు తీసి మురళీమోహన్ పళ్లెం పక్కన పెట్టాడు. "తెల్లారంగ తెస్తనన్న, తేలేకపోయిన. యాళ్ల తప్పినంక బేరం ఉండది. మీ బయానా మీరు తీస్కోండ్రి."

"మరి మేం తిన్నదేంది?"

"గది నా దావత్ సారూ. పోయేటోళ్లు దావత్ ఇయ్యాలెనంట గద మీ తాన? నా బిడ్డ పోతాంది."

మొదట తేరుకున్నది జానీ సారే. "అంటే మురళీమోహన్ సారు దావత్..."

"బగారన్నం సారుదే" అన్నాడు గుర్వయ్య.

"అన్నం పెడితే పోయినట్టు కాదు" అన్నారు సిద్దిరాములు సారు, మురళీమోహన్ పళ్లెంలో ఇంకో ముక్క వేస్తూ. "తినుండ్రి సార్. మీరింకా మాతోనే ఉన్నరు."

నేను పెన్నుకు మూత పెట్టేశాను. మురళీమోహన్ నన్ను చూశాడు, పొట్టేలును చూద్దామంటే అది లేదు, చివరికి పళ్లెం చూసి తినడం మొదలుపెట్టాడు.

స్వర్ణ లేచి వెళ్లి నాయిన పక్కన, జెండా అంచున కూర్చుంది. "మరి ఎండాకాలం మంద వెంట ఎవరు పోతరు నాయినా?" అంది.

"నేనున్న గద" అని గుర్వయ్య తన పళ్లెంలోని కార్జం ముక్క తీసి ఆమె పళ్లెంలో వేశాడు. "ఈల వినొచ్చిందా?"

"వినొచ్చింది" అంది స్వర్ణ. ఆ ముక్క నోట్లో పెట్టుకుంది.