మూడు వందల యాభై తొమ్మిదికీ ఒకటికీ మధ్య

నేను ఒక జల్లెడను. పిండి జల్లించేదాన్ని కాదు. కంప్యూటర్లో నూట పద్దెనిమిది పంక్తులుగా ఉండే ప్రోగ్రామును. విశాఖపట్నంలో ఒక కాలేజీ ప్రయోగశాలలో సుజన అనే పరిశోధక విద్యార్థిని నన్ను రాసింది.

కృత్రిమ కాలు సరిగ్గా అమరాలంటే, తెగిపోగా మిగిలిన మొండి కాలి ఆకారం కచ్చితంగా తెలియాలి. అందుకు దాని మీద చారల వెలుగు వేసి ఫోటోలు తీస్తారు. వాటినుంచి ఒక్కో చుక్కకు ఒక్కో కోణం లెక్క కడతారు. దాన్నే ఫేజ్ అంటారు. ఆ కోణం మూడు వందల అరవై డిగ్రీల దాకా పెరిగి మళ్లీ సున్నాకు పడిపోతుంది. ఆ చుట్లు విప్పితేనే ఎత్తుపల్లాలు తెలుస్తాయి. విప్పకముందే నాయిస్‌ను, అంటే చిత్రంలో దూరిన తప్పుడు చుక్కలను, సరిచెయ్యాలి. అదీ నా పని.

పక్కపక్క చుక్కల సగటు తీస్తే సరిపోదా అంటారేమో. మూడు వందల యాభై తొమ్మిదికీ ఒకటికీ మధ్య ఉన్నది సున్నా. కూడి సగం చేస్తే నూట ఎనభై వస్తుంది, పూర్తిగా ఎదురు దిక్కు! అందుకే సుజన ప్రతి కోణాన్నీ సైన్, కొసైన్‌లుగా విడదీసి, రెంటినీ వేరువేరుగా శుభ్రం చేయించి, మళ్లీ కలిపించేది. ఆ మెలకువ కోసం రెండేళ్లు తల బద్దలు కొట్టుకుంది.

ఆమె గైడు ప్రొఫెసర్ మార్కండేయులు. సుజన ల్యాబు వదిలి వెళ్లిన నెలకే నా మొదటి పంక్తిలో ఆమె పేరు చెరిపి తన పేరు రాసుకున్నాడు. అంతటితో ఆగలేదు. నేను మెల్లగా నడుస్తున్నానని ఆ విడదీసే మెట్టు కూడా కోసేశాడు. మనుషులు దొంగిలించిన వస్తువును బాగుచేయకుండా ఉండలేరు కాబోలు.

ల్యాబు అటెండరు అప్పలనరసయ్య నన్ను పెన్‌డ్రైవులో పెట్టుకుని సుజన గదికి తెచ్చాడు.

"నీ పేరు తీసీసినాడమ్మా. ఆస్పత్రిలో కాళ్లు కూడా దీంతోనే కొలిపించేస్తన్నాడు."

ఆమె నన్ను తెరిచింది. కోత ఎక్కడ పడిందో చూసి నవ్వింది.

"ఇప్పుడే చెప్పనులే నరసయ్యా. ఆరు వారాల్లో డాక్టర్లందరి ముందూ ప్రదర్శన ఉందిగా. అక్కడ అడుగుతాను."

నాకూ అదే కావాలి. ఆ ఆరు వారాలూ పగతో కాచుకున్నాను.

ఆ రోజు హాలు నిండిపోయింది. మార్కండేయులు గంటసేపు తన ప్రతిభ గురించి చెప్పుకున్నాడు. చివరి వరసలోంచి సుజన లేచింది.

"సార్, ఒక్కసారి మీ చెయ్యి పెట్టి చూపిస్తారా?"

ఆయన దర్జాగా చారల వెలుగులో చెయ్యి పెట్టాడు. నా చేత ఏం చేయించాడో అదే చేశాను, ఎంతో శ్రద్ధగా. నున్నటి మొండి కాలి మీద కొద్దిపాటి తేడాగా దాగిన తప్పు వేళ్ల సందుల్లో దాగలేదు. తెర మీద అరచేయి నిలువునా చీలి, బొటనవేలు జానెడు దూరంలో వేలాడింది.

"మీకు ఎన్ని వేళ్లండీ?" అన్నాడొక డాక్టరు. హాలంతా గొల్లుమంది. ఆయన మొహం కందగడ్డ అయింది. అంత కమ్మని నవ్వు నేనెప్పుడూ వినలేదు.

వారం తిరగకుండా సుజనను ఆస్పత్రికి పిలిచారు. కోసేసిన పంక్తులూ ఆమె పేరూ నాలోకి తిరిగి వచ్చాయి. మళ్లీ కొలవడానికి మొదట వచ్చినవాడు గవిరయ్య, పడవ ప్రమాదంలో కాలు పోయిన జాలరి. కట్టు విప్పాడు. తప్పుడు కొలతతో చేసిన కృత్రిమ కాలి తొడుగు ఒరుసుకుని మోకాలి కింద పుండు పడింది.

"ఈ తొడుగు ఎప్పుడిచ్చారు తాతా?"

"నెల్లాళ్లయిందమ్మా. కొలత తప్పని నీకు ముందే తెలుసంట గదా? నరసయ్య సెప్పినాడు."

"తెలుసు," అంది సుజన.

"మరి సెప్పలేదేటి?"

"ఆయన్ని... నలుగురిలో..."

గవిరయ్య ఆమె మొహంలోకి చూశాడు. "ఆయన్ని కొట్టడానికి నన్ను ఈ కాలు మీద నిలబెట్టినావన్నమాట," అని, మొండి కాలిని తనే వెలుగులోకి జరిపాడు. "కానియ్యి. తొరగా తియ్యి. నొప్పెడతంది."

నేను తప్పుడు చుక్కలన్నీ సరిచేశాను. పుండు అంచు నాయిస్ కాదు, దాన్ని ముట్టుకోలేదు. చుట్లు విప్పగానే తెర మీద గుంట తేలింది. సుజన కొలిచింది.

నాలుగు మిల్లీమీటర్ల లోతు.