టీచరు లేని బడి

దొరసాని వచ్చే ముందురోజు దెబోరాను గది ఖాళీ చేయమన్నారు. బోర్డింగు మొత్తానికి కిటికీ ఉన్న గది అదొక్కటే. పదిహేడేళ్లుగా అందులో ఉంటున్న మనిషి తన పెట్టె, చాప, లాంతరు ఎత్తుకుని పాలపొడి డబ్బాలు పెట్టే కొట్టులోకి పోయింది.  వచ్చేది ఇరవై మూడేళ్ల పిల్ల. ఊరు కాని ఊరు, దేశం కాని దేశం. రెండేళ్లు జీతం తీసుకోకుండా చదువు చెప్పిపోతుందట. అలాంటి పిల్లకు కాస్త గాలి తగలాలి కదా అనుకుంది.

లక్సెట్టిపేటకు రెండు కోసుల దూరంలో, గోదావరి ఒడ్డున ఉన్న మిషన్ బడి అది. బడి అంటే ఒకే గది, అరవై మంది పిల్లలు, ఒక్క టీచరు. ఆ ఒక్క టీచరు దెబోరా. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే తెల్ల నర్సమ్మల దగ్గర పెరిగింది. ఇంగ్లీషు అక్కడే వచ్చింది. పెళ్లి చేసుకోలేదు. బడిని, గుడిని చూసుకునేది పాస్టరు పేతురు అయ్యగారు.

దొరసాని వచ్చింది మే నెలలో. బడి తెరవడానికి ఇంకా నెల ఉంది. ఆ నెలంతా ఆ పిల్లను ఊళ్లో నిలబెట్టే పని దెబోరాకే పడింది. నీళ్లు కాచి వడపోసింది. దోమతెర కట్టింది. చీర కుచ్చిళ్లు పెట్టడం, చెంబుతో స్నానం చేయడం, జొన్నరొట్టె ఒక చేత్తో తుంచుకోవడం నేర్పింది. పచ్చికారం తిని కడుపు పట్టుకుని నాలుగు రోజులు పడి ఉంటే వాము నీళ్లు తాగించింది. పిల్ల చెడ్డది కాదు. ప్రతిదానికీ థాంక్యూ అంటుంది.

జూన్‌లో బడి తెరిచిన రోజు అయ్యగారు గుమ్మంలో నిలబడి చెప్పాడు.

"ఇగ చదువు దొరసాని చెప్తది. నువ్వు పక్కన నిలబడి తెలుగు చెయ్యి, దెబోరమ్మా."

"మరి నేను చెప్పే చదువు?"

"ఎవరు చెప్తే ఏంది. పిల్లలకు చదువు అందుడు గావాలె."

దొరసాని ఒక మాట అనడం, దెబోరా దాన్ని తెలుగులో అనడం. జవాబు చెప్పేటప్పుడు పిల్లలు అలవాటు కొద్దీ దెబోరా మొహమే చూసేవారు. అయ్యగారు కిటికీలోంచి కోప్పడేవాడు. "దొరసాని మొకం చూసి చెప్పుండ్రి." టీచరమ్మా అని ఎవరైనా దెబోరాను పిలిస్తే, దెబోరమ్మా అనమని దిద్దేవాడు. వంట చేసే ఆనందమ్మకు ఇదంతా నవ్వులాట.

"నోరు ఆమెది, నాలుక నీది. ఇద్దరు కలిస్తే ఒక టీచరైతున్నరు గదక్కా."

దెబోరా నవ్వలేదు. అయినా ఓర్చుకుంది.

ఒకనాటి సాయంత్రం దొరసాని నోటుబుక్కులో రాసుకున్న తెలుగు మాటలు వరండాలో చదివి వినిపిస్తోంది. రోజూ దెబోరానే దిద్దుతుంది.

"మా దేశంలో మాకు చెప్పారు. ఈ బడిలో టీచరు లేదు. అరవై పిల్లలు ఉన్నారు, చెప్పడానికి ఎవరూ లేరు. అందుకని నేను వచ్చాను."

"ఎవరు చెప్పిన్రు?"

దొరసాని లోపలికి పోయి ఒక కాగితం తెచ్చింది. ఇంగ్లీషులో టైపు కొట్టిన ఉత్తరం. కింద అయ్యగారి సంతకం. ఈ బడిలో చదువు చెప్పే మనిషి ఒక్కరూ లేరు, పిల్లలు పొద్దంతా ఊరికే కూర్చుని ఇళ్లకు పోతున్నారు, అని ఉంది. దెబోరా రెండుసార్లు చదివింది.

"మీరు బోర్డింగు ఆయమ్మ కదా," అంది దొరసాని ఇంగ్లీషులో, మెచ్చుకోలుగా. "ఇంగ్లీషు ఇంత బాగా ఎలా వచ్చింది?"

దెబోరా కాగితం మడిచి ఆమె చేతిలో పెట్టింది. లేచి నేరుగా అయ్యగారి ఇంటికి పోయింది. అయ్యగారు అన్నం ముందు కూర్చున్నాడు. కూర్చోమని కూడా అననివ్వలేదు.

"నేను లేనని రాసిన్రట."

అయ్యగారు చేయి కడుక్కున్నాడు. "నీ పేరెక్కడ రాసిన నేను?"

"గదే అడుగుతున్న. పదిహేడేండ్లు చెప్పిన. నా పేరెందుకు రాయలే?"

"టీచరున్నదని రాస్తే ఎవరు పంపుతరు, దెబోరమ్మా? బడి మీద రేకులెట్ల పడ్డయి? పాలపొడి ఎట్లొచ్చింది? లేదంటెనే వస్తది. మాట వరసకు రాసిన."

"మాట వరసకు మీరే లేరని రాసుకుంటె అయిపోయేది గదా. పాస్టరు లేడని."

ఆ రాత్రి ఆనందమ్మ సర్దిచెప్పబోయింది. "పోరగాండ్లు పాలు తాగుతున్నరక్కా. ఆయన లేవంటె లేకపోతివా? నా ఎదురుంగనే కూసున్నవ్ గదా."

"నువ్వు చూస్తున్నవ్. కాయితంల లేను," అంది దెబోరా. 

ఆ సంఘంలో ప్రతి ఇంటి ఆడమనిషీ పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడల్లా పిడికెడు బియ్యం దేవుని పేర ముంతలో వేస్తుంది. ఆదివారం గుడికి తెచ్చి బల్ల ముందు కుమ్మరిస్తుంది. సంఘంలో తనకు అన్యాయం జరిగిందనుకున్న మనిషి మాత్రం ఖాళీ ముంత తెచ్చి బోర్లిస్తుంది. ఆ ముంత లేచేదాకా ఆశీర్వాదం చెప్పకూడదు, ఎవరూ ఇంటికి పోకూడదు. ఎప్పుడో తొమ్మిదేళ్ల కింద గోడ తగాదాలో ఒకామె బోర్లించింది. మళ్లీ ఈ ఆదివారం దెబోరా బోర్లించింది.

 సంఘ పెద్ద గట్టయ్య లేచాడు.

"ఏందమ్మా, ఎవరి మీద?"

"అయ్యగారి మీద."

దెబోరా ఉత్తరం సంగతంతా చెప్పింది. గొంతు పెంచలేదు. ముందు చాప మీద కూర్చున్న దొరసానికి దొరసాని అన్న మాట, ఉత్తరం అన్న మాట వినిపిస్తున్నాయి గానీ సంగతి అందడం లేదు. అలవాటుగా దెబోరా వైపు చూసింది. గుడి మొత్తం దెబోరా వైపే చూసింది.

"ఇయ్యాల్ల నా నోరు నాకే గావాలె," అంది దెబోరా. "అయ్యగారికి ఇంగ్లీషొస్తది. ఆయననే చెప్పమనుండ్రి, పెద్దయ్యా."

అయ్యగారు కళ్లద్దాలు తుడుచుకుని ఇంగ్లీషులో ఏదో చెప్పాడు.

"గట్ల గాదు. నేను జీతం కోసం లొల్లి వెట్టిన్నని చెప్తున్నడు. జీతం మాట నేనెత్తిన్నా, పెద్దయ్యా?"

"ఎత్తలే," అన్నాడు గట్టయ్య. "సక్కగ చెప్పుండ్రి."

అయ్యగారు మళ్లీ చెప్పాడు.

"గిప్పుడు పొరపాటైందంటున్నడు. పొరపాటు గాదు. కూసోని రాసిన్రు, సంతకం పెట్టిన్రు. గది చెప్పుండ్రి."

అయ్యగారి మెడ మీద చెమట కాలర్‌లోకి దిగింది. మూడోసారి నేల చూస్తూ చెప్పాడు. టీచరు లేదని నేను రాసిన రోజున ఈమె అరవై మందికి చదువు చెపుతోంది, అది తెలిసే రాశాను, అని.

దెబోరా తల ఊపింది.

దొరసాని మొహం ఎర్రబడింది. అయ్యగారిని ఇంగ్లీషులో ఒక మాట అడిగింది. 

"ఏమంటుందక్కా?" ఆనందమ్మ దెబోరా కొంగు లాగింది.

"మరి నన్నెందుకు పిలిచిన్రు అంటుంది."

"మంచిగనే అడిగింది."

వెనక వరసలోంచి కొమురవ్వ లేచింది. "అడుగుడు అయిపాయె. పాలు బందైతయా, గది చెప్పుండ్రి. నా బిడ్డకు పొద్దున పూట ఆ పాలే దిక్కు."

  గట్టయ్య గడ్డం గీరుకుని అన్నాడు. "ఉత్తరం మల్ల రాయుండ్రి, అయ్యగారు. ఆమె పేరు పెట్టి రాయుండ్రి. చదువు ఆమెనే చెప్తది. పాలు వస్తే రానీ, రాకుంటె లేదు."

దెబోరా ముంత ఎత్తుకుంది. బయటికి పోతుంటే కొమురవ్వ దారిలోంచి జరగలేదు.

"నీ పేరు కోసం మా పోరగాండ్ల కడుపు కొట్టినవ్."

"నీ బిడ్డకు అచ్చరాలు ఎవరు దిద్దిచ్చిన్రు?" అంది దెబోరా. పక్కనుంచి తప్పుకుని పోయింది. 

కిటికీ గది సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ రాత్రి కూడా డబ్బాల మధ్యే పడుకుంది.

సోమవారం గంట కొట్టకముందే బడికి పోయి బోర్డు తుడిచింది. దొరసాని గుమ్మం దగ్గర ఆగిపోయింది. లోపలికి రావాలో వద్దో తెలియక చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది.

"రా. ఎనక పిల్లల పక్కన కూసో," అంది దెబోరా తెలుగులోనే.

దొరసాని పోయి ఆఖరి వరసలో చాప మీద కూర్చుంది. అయ్యగారు ఆ రోజు కిటికీ దగ్గరికి రాలేదు.

దెబోరా హాజరు పిలిచింది. కొమురవ్వ బిడ్డ నర్మద పేరు దగ్గర జవాబు రాలేదు. మళ్లీ పిలిచింది. రాలేదు. అలా ఇంకో ఆరుగురు. వెనక నుంచి దొరసాని చేయి ఎత్తి ఇంగ్లీషులో ఏదో అడగబోయింది.

"తెలుగుల అడుగు."

దొరసాని మాటలు వెతుక్కుంది. పిల్లలు వెనక్కి తిరిగి ఆమె నోటినే చూస్తున్నారు.

"నర్మద... ఎందుకు... రాలేదు?"

"వాళ్లమ్మకు నా మీద కోపమొచ్చింది," అని చెప్పి దెబోరా సుద్దముక్క తీసుకుంది.